బుడిగి గీసిన ఏడు గీతలు

తుమ్మలమిట్ట అడవిలో కుందేళ్లు, నక్కలు, ఒళ్లంతా పొలుసులుండే అలుగులు ఇరుగుపొరుగున బతికేవి. పిల్లలందరికీ గుట్ట వాలులో ఒకటే బడి. పెద్ద పంతులు కణుజు, అంటే కొమ్ముల పెద్ద జింక. హాజరు పిలిచేది వడ్రంగిపిట్ట పంతులమ్మ.

పొలుసమ్మ అనే అలుగుకు ఒక్కతే కూతురు, బుడిగి. ఒకనాడు బుడిగి బడిలో ఉండలా చుట్టుకుని, వాలున దొర్లి, కుందేలు పిల్ల కాలు మీద పడింది. కాలు బెణికింది. బుడిగిని కొన్నాళ్లు బడికి పంపవద్దని కణుజు కబురు పెట్టాడు.

పొలుసమ్మకు తల కొట్టేసినట్టయింది. భయమేసినా సిగ్గేసినా చుట్టుకుపోవడం అలుగుల అలవాటు. ఆమె కూడా బొరియలో ఓ మూల చుట్టుకుంది. పంతుల్ని అడగలేదు. కూతుర్నీ అడగలేదు.

బుడిగి బొరియ గుమ్మంలో కూర్చునేది. దూరాన పంతులమ్మ "ఏడు మూళ్లు?" అని అడిగితే, ఇక్కడ ఒక్కతే "ఇరవై ఒకటి" అనేది. వినేవాళ్లు లేరు. సాయంత్రం ఆ దారిన వెళ్లే తల్లులు తమ పిల్లల్ని అవతలి పక్కకు తప్పించి తీసుకెళ్లేవారు.

ఒకరోజు నక్కయ్య వచ్చాడు. "వెళ్లి బతిమాలకు పొలుసమ్మా. నా కొడుకునూ ఇలాగే పంపేశారు. ఆ గడప తొక్కనని ఒట్టేసుకున్నాను. మాకేం తక్కువైంది?"

వెనక అతని కొడుకు నిలబడి ఉన్నాడు. తండ్రికంటే ఎత్తు పెరిగాడు. చూపు మాత్రం బడి వైపే ఉంది.

ఆ చూపు పొలుసమ్మను నిలవనీయలేదు. గోడ మీద బుడిగి రోజుకొకటి గీసిన గీతలు లెక్కపెట్టింది. ఏడు. కూతుర్ని దగ్గరికి తీసుకుని, "ఆ రోజు ఏమైందమ్మా?" అంది.

"నేను ఆనుకున్న చెట్టునే పంతులమ్మ హాజరు పిలుస్తూ ముక్కుతో టకటకా కొట్టిందమ్మా. భయమేసి చుట్టుకున్నా. దొర్లుతుంటే ఆగలేకపోయా. ఇంతవరకు నన్నెవరూ అడగలేదు."

మర్నాడు ఇద్దరూ బడికి వెళ్లారు. దారిలో ఎవరూ పలకరించలేదు. వాలు మొదట్లోనే పొలుసమ్మ వీపు ముడుచుకుపోబోయింది. బలవంతాన నిలదొక్కుకుంది. ఎందుకు పంపేశారు, ఎన్ని రోజులకు పంపేశారు, అన్నాళ్లూ పాఠాలు ఎవరు చెబుతారని కణుజును అడిగింది. చెట్టు సంగతీ చెప్పింది.

కణుజు తెల్లబోయాడు. "ఐదు రోజులకేనమ్మా. మీరు రాకపోయేసరికి మీకే చదువు వద్దేమో అనుకున్నాం."

"కబురులో మీరు చెప్పలేదు, నేను అడగలేదు. నా బిడ్డకు రెండు రోజులు ఊరికే పోయాయి" అంది పొలుసమ్మ.

బుడిగి కుందేలు పిల్లను క్షమించమని అడిగింది. పంతులమ్మ ఆమెను చదునైన చోట కూర్చోబెట్టి, చెట్టును కొట్టకుండా మెల్లగా పేరు పిలిచింది. బుడిగి సగం చుట్టుకుంది. కాసేపటికి ముక్కు బయటపెట్టి, "వచ్చానండీ" అంది.

వాలు కింద నక్కయ్య కొడుకు చెవులు రిక్కించి హాజరంతా విన్నాడు. తన పేరు రాలేదు.

నీతి: బిడ్డను బడి నుంచి పంపేస్తే సిగ్గుతోనో పంతంతోనో ఇంట్లో కూర్చోకూడదు. ముందు బిడ్డను అడగాలి, తర్వాత బడిని అడగాలి.