గోవర్ధనం కుటుంబం కాలేజీ మీద చూపించిన ఆసక్తి

గవళ్ళపాలెంలో గోవర్ధనం ఇంటివాళ్ళకున్నంత తెలివి చుట్టుపక్కల ఏడూళ్ళలో ఎవరికీ లేదు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అనలేదు, వాళ్ళే అనుకున్నారు. "ఎవరేం చెప్పినా అక్షరం పొల్లుపోకుండా చేస్తాం. అదీ మన గొప్ప!" అని గోవర్ధనం కంచం ముందు కూర్చుని మీసం దువ్వేవాడు. భార్య అనసూయ, బావమరిది చిదంబరం, కూతురు వైదేహి తలలూపేవారు.

వైదేహికి ఇంటర్ అయింది. మొక్కల చదువు చదవాలని, అదీ కొండకింద కాలేజీలోనే చదవాలని పిల్ల పట్టు. గోవర్ధనానికి కూతురంటే ప్రాణం. సీట్ల సలహాలు చెప్పే శేషాద్రి మాస్టారి దగ్గరికి పరుగెత్తాడు.

"మార్కులు అందరికీ వస్తున్నాయండీ," అన్నారు మాస్టారు. "మీకు నిజంగా ఆసక్తి ఉందని కాలేజీవాళ్ళకి కనబడాలి. వెళ్ళి అంతా చూడండి. ప్రశ్నలు అడగండి. మీరు చూసినవాటి గురించి ఉత్తరం రాయండి. ఇంకో కాలేజీ ఊసే ఎత్తకండి."

అంతే. మర్నాడు పొద్దున్నే నలుగురూ కాలేజీలో దిగారు. అంతా చూడమన్నారు కదా! బీరువాలు తెరిచి చూశారు. బెంచీల కింద దూరి చూశారు. చిదంబరం నీళ్ళ ట్యాంకెక్కి తొంగి చూస్తే కళ్ళజోడు అందులో పడింది. అనసూయ ప్రిన్సిపాలుగారి క్యారియర్ మూత తీసి, "బెండకాయ వేపుడండోయ్, రాసుకోండి!" అని కేకేసింది.

తర్వాత ప్రశ్నలు. గోవర్ధనం ప్రిన్సిపాలుగారి ఎదుట కూర్చుని, "మీకెంతమంది పిల్లలు? ఈ గోడ ఎప్పుడు కట్టారు? రాత్రిళ్ళు నిద్ర పడుతుందా?" అని మొదలెట్టాడు. ఆయన నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "జవాబులొద్దండీ. మమ్మల్ని అడగమన్నారు గానీ వినమనలేదు."

ఇంటికొచ్చి ఉత్తరం రాశారు. "మూడో గదిలో ఫ్యాను తిరగదు. కుళాయి కారుతోంది. గుమాస్తాగారు రెండింటికే ఇంటికి పోతున్నారు. ఇవన్నీ చూశాక మీ కాలేజీ మీద మాకు ఆసక్తి పెరిగింది." గుమాస్తా ఆ ఉత్తరం చదివి మంచినీళ్ళు తాగాడు.

ఇంతలో, ముందుజాగ్రత్తకి ఎప్పుడో దరఖాస్తు పెట్టిన పట్నం కాలేజీనుంచి ఫోను. "మీ అమ్మాయికి సీటు ఉంచాం, చేరుతున్నారా?" చిదంబరం ఠక్కున పెట్టేశాడు. ఇంకో కాలేజీ ఊసు కదా మరి! మూడుసార్లు చేశారు, మూడుసార్లూ పెట్టేశాడు. ఇంకేముంది, ఆ సీటు ఎవరికో పోయింది. గోవర్ధనానికి మొదటిసారి భయం పట్టుకుంది. ఇక పిల్లకి ఉన్నది కొండకింద కాలేజీ ఒక్కటే. ఆసక్తి చాలడంలేదేమోనని వారం రోజులపాటు ముగ్గుర్నీ వెంటేసుకుని రోజూ వెళ్ళి మొదటినుంచీ అంతా చూసొచ్చాడు.

ఎనిమిదో రోజున ప్రిన్సిపాలుగారే గేటు దగ్గరికొచ్చి రెండు చేతులూ జోడించారు. "పిల్లకి మార్కులున్నాయి, సీటిచ్చేశాను. సోమవారం పదింటికల్లా చేరకపోతే పోతుంది. కానీ బాబూ, మీ ఇంటివాళ్ళు ఒక్కరంటే ఒక్కరు మళ్ళీ ఈ గేటు దాటకూడదు. ఒట్టెయ్యండి!"

నలుగురూ సంతోషంగా ఒట్టేశారు.

ఆదివారం సాయంత్రం వైదేహి పుస్తకాలు సర్దుకుంటూ ఆగింది. "నాన్నా, నేనూ మనింటిదాన్నే కదా!"

గోవర్ధనం వేళ్ళు మడిచి లెక్కేశాడు. వెళితే ఒట్టు పోతుంది, వెళ్ళకపోతే సీటు పోతుంది. అనసూయ ముక్కు చీదింది. ఎవరికీ అన్నం సయించలేదు. సోమవారం ఎనిమిదింటికి గోవర్ధనం ఎగిరి గంతేశాడు. "మనింటివాళ్ళు కదా వెళ్ళకూడదు? పక్కింటివాళ్ళు వెళ్ళొచ్చుగా!"

అంతే. పక్కింటి శ్యామలని నిద్రలేపి, వైదేహి కాగితాలు చేతికిచ్చి బస్సెక్కించారు. ఆ పిల్ల కాలేజీ పేరు కూడా బస్సులోనే తెలుసుకుంది. గుమాస్తా కాగితాలు చూశాడు గానీ మనిషిని చూడలేదు. పది కొట్టేలోపు చేర్చేసుకున్నాడు.

"మరి నేనో నాన్నా?" అంది వైదేహి, కళ్ళనిండా నీళ్ళతో.

గోవర్ధనం కూతురి తల నిమిరాడు. "నువ్వు ఇంట్లో కూర్చుని ఆసక్తి చూపిస్తూ ఉండు తల్లీ," అని చెప్పి, మైసూర్‌పాక్ పళ్ళెంతో వీధిలోకి బయల్దేరాడు. "తీసుకోండి, తీసుకోండి! మా అమ్మాయికి సీటొచ్చింది. పక్కింటమ్మాయి చదువుతోంది!"