పదకొండో గట్టు

మూడు రోజుల్లో మూడు బాతులు నక్క నోట్లోకి పోయాయి. నక్క మోసమేమీ చేయలేదు. పందెం ఏమిటో ముందే చెప్పింది, చెప్పినట్టే తీసుకుంది. ఆలోచించకుండా ఒప్పుకున్నది బాతులే.

కాలువకి దిగువన మూడు వరి మళ్లు, ఒకదాని పక్కన ఒకటి, వరసగా మూడు గదుల ఇల్లులా ఉండేవి. చుట్టూ గట్లు, మళ్లను విడదీస్తూ రెండు అడ్డగట్లు. మూలమూలకీ, అడ్డగట్టు తగిలిన చోటల్లా గట్టు తెగిందనుకుని ముక్కలు లెక్కేస్తే మొత్తం పది. ఎడమ అడ్డగట్టుకి పైకొసన తూము, కింది కొసన దిష్టిబొమ్మ. కుడి అడ్డగట్టుకి పైకొసన తుమ్మచెట్టు, కింది కొసన గడ్డివామి.

ఆ పొలానికి కొత్తగా చేరిన బాతులకి గవరయ్య అనే మగబాతు పెద్ద. వాటికో ఆనవాయితీ ఉంది. ఏ గట్టూ వదలవు, తొక్కిన గట్టు మళ్లీ తొక్కవు. ఒకసారి ఏరిన చోట నత్త మిగలదు, రెండోసారి నడిస్తే మిగిలేది కాళ్ల నొప్పి. కాలువ వెంట తిన్నగా సాగే గట్ల మీద ఈ పద్ధతి ఏనాడూ తప్పలేదు. గవరయ్య ఆ గొప్ప చెప్పుకుంటుంటే నక్క చెవిన పడింది.

"రెండోసారి తొక్కనే తొక్కరా బావా?"

"మా తాత తొక్కలేదు, మా నాన్న తొక్కలేదు, నేనూ తొక్కను."

"అయితే ఈ పది గట్లూ ఒక్క ఊపులో తిరిగి చూపించు. మడిలోకి దిగకూడదు. ఎక్కడ మొదలెట్టినా, ఎక్కడ ఆపినా నీ ఇష్టం. తిరిగిన రోజున నేను కాలువ దాటి పోతాను, మళ్లీ ఇటు మొహం చూపించను. తిరగలేని రోజున వరస చివర బాతు నాది. పని అయ్యేదాకా రోజూ తెల్లవారగానే ఒకసారి."

"పది గట్లేగా!" అన్నాడు గవరయ్య.

తూము పక్క బురదలో పడుకున్న గేదె మాలచ్చిని సాక్షిగా పెట్టుకున్నారు. మాలచ్చి నెమరు ఆపకుండానే "విన్నాను" అంది.

మొదటి రోజు వరస తూము దగ్గర బయలుదేరింది. గట్ల గడ్డి మీద మంచు పడి ఉంటుంది కదా, తొక్కిన దారి నల్లగా చార కడుతుంది, దాచడం కుదరదు. ఒక అడ్డగట్టు తెల్లగా మిగిలిపోయింది. రెండో రోజు ఎదురు దిక్కున తిరిగారు, నడిమి మడి కింది గట్టు మిగిలింది. మూడో రోజు గడ్డివామి దగ్గర మొదలెట్టారు. మళ్లీ ఒకటి మిగిలింది. మిగిలిన ప్రతిసారీ నక్క మర్యాదగా వరస చివరికి నడిచి వెళ్లింది.

గుంపులో నూకాలు అని ఒక ముసలి బాతు. కాలు కుంటిది కాబట్టి వరసలో నడిచేది కాదు, తుమ్మచెట్టు కింద కూర్చుని చూసేది. నాలుగో రోజు చివర నడవాల్సిన వంతు ఆమె కూతురు పైడిది.

"రేపు దిష్టిబొమ్మ దగ్గర మొదలెడదాం," అన్నాడు గవరయ్య. "తిరగని దారులు ఇంకా బోలెడున్నాయి."

"దారులు బోలెడున్నాయి గవరయ్యా, బాతులే లేవు," అని నూకాలు కుంటుకుంటూ మాలచ్చి దగ్గరికి పోయింది.

"అక్కా, ఒక మాట విను. ఆ తుమ్మచెట్టు దగ్గర మూడు గట్లు కలుస్తాయి. వరస ఒక దాని మీద వస్తుంది, ఇంకో దాని మీద పోతుంది. రెండు అయిపోయాయి. మూడో దాని మీద మళ్లీ వస్తే పోవడానికి గట్టు లేదు. అక్కడే ఆగాలి."

"అక్కడే మొదలెడితే?"

"అప్పుడు సరే. పోయి, వచ్చి, మళ్లీ పోవచ్చు. అంటే మూడు గట్లు కలిసే చోటు నడకకి మొదలైనా కావాలి, చివరైనా కావాలి. నట్టనడుమ దాటిపోయే చోటు కావడానికి వీల్లేదు. ఇప్పుడు చెప్పు, నీ తూము దగ్గర ఎన్ని?"

మాలచ్చి మెడ తిప్పి చూసింది. "మూడు."

"దిష్టిబొమ్మ దగ్గర?"

"మూడు."

"గడ్డివామి దగ్గర?"

నెమరు ఆగిపోయింది. "మూడే నూకాలూ."

"నడకకి మొదలు ఒకటే, చివర ఒకటే. అలాంటి చోట్లు మాత్రం నాలుగు."

మాలచ్చి లేచి నిలబడింది. ఎండాకాలంలో కూడా అంత త్వరగా నీళ్లకి లేవని గేదె. "అంటే, కుదరనే కుదరదా?"

"గవరయ్య నడిచినా కుదరదు, వాళ్ల తాత దిగివచ్చినా కుదరదు."

"ఒక్క అడుగు వేయకుండా ఎలా చెప్పావే?"

"అడుగులు వేస్తూ ఉంటే తెలిసేది కాదు."

ఇద్దరూ మళ్ల వంక చూశారు. అవే గట్లు, అదే బురద, నాటి పది రోజులైన అవే నాట్లు. వాటిలో ఇలాంటి కట్టుబాటు ఒకటి ఉందని గట్లు వేసిన రైతుకీ తెలియదు. నక్కకి అసలు తెలియదు, దానికి తెలిసింది బాతులు రోజూ ఓడిపోతున్నాయన్నదే. వాన పడినా, ఎండ కాసినా, చూసేవాళ్లు లేకపోయినా ఆ నాలుగు చోట్లూ అలాగే కాపలా కాస్తుంటాయి. నూకాలుకి ఈకల కింద చలి పుట్టింది. భయం కాదది. ఇంత పెద్ద సంగతి ఇన్నాళ్లూ కాళ్ల కింద ఉండి కూడా ఒక్క మాట అనలేదే అని.

తరువాత ఆమె చూపు కాలువ ఒడ్డున పడి ఉన్న తాటిదుంగ మీదికి పోయింది. చాలాసేపు అక్కడే ఉంది.

సాయంత్రం నక్కని పిలిచింది. "బావా, ఎలాగూ పోయేవాళ్లం, చిన్న కోరిక. ఆ దుంగని నడిమి మడి మీద తూము నుంచి గడ్డివామి దాకా ఏటవాలుగా వేసుకుంటాం. దాన్ని కూడా ఒక్కసారే తొక్కుతాం."

నక్క పడీపడీ నవ్వింది. "పది తొక్కలేనివాళ్లు పదకొండు తొక్కుతారా? రెండు దుంగలు వేసుకోండమ్మా, నేను వద్దంటానా!"

"ఒకటి చాలు."

"మతి పోయిందా నూకాలూ?" అని గవరయ్య కసిరాడు. "పని తగ్గించమని అడగాలి గాని పెంచుతారా?"

మాలచ్చి మాత్రం వెళ్లి, దుంగని కొమ్ములతో నెట్టుకొచ్చి, చెప్పిన చోట వేసింది.

తెల్లవారింది. గవరయ్య అలవాటుగా తూము వైపు నడిచాడు.

"అక్కడ కాదు," అంది నూకాలు. "దుంగ పడ్డాక తూము దగ్గర నాలుగు, గడ్డివామి దగ్గర నాలుగు. అవి ఇక దాటిపోయే చోట్లు. మూడు గట్లు కలిసే చోట్లు రెండే మిగిలాయి. తుమ్మ దగ్గర మొదలెట్టు, దిష్టిబొమ్మ దగ్గర ఆగు."

"తేడా వస్తే?"

"లెక్క నాది. చివర నేనే నడుస్తాను. పైడీ, ముందుకి పోవే."

వరస కదిలింది. తుమ్మ నుంచి కుడి మడి చుట్టూ గడ్డివామికి. అడ్డగట్టు మీద మళ్లీ తుమ్మకి. పైగట్టున తూముకి. ఎడమ మడి చుట్టూ దిష్టిబొమ్మకి. అడ్డగట్టు మీద తూముకి. దుంగ మీద, ఒకదాని వెనక ఒకటి, జారకుండా గడ్డివామికి. నూకాలు కుంటుతూ అందరికంటే వెనక, ఆమె వెనక మూడడుగుల్లో నక్క ఊపిరి. నడిమి మడి కింది గట్టు ఒక్కటే తెల్లగా మిగిలి ఉంది. అది సరిగ్గా వాళ్ల కాళ్ల ముందే ఉంది. దాని మీదుగా నడిచి దిష్టిబొమ్మ కింద ఆగారు.

నక్క ముక్కు నేలకి ఆనించి గట్లన్నీ తిరిగొచ్చింది. పదింటి మీదా ఒక్కో చార. దుంగ మీద ఒకటి. తెల్లగా ఎక్కడా లేదు, రెండు చారలూ ఎక్కడా లేవు.

"ఎన్ని దారులు నడిచి చూసుకున్నావు?" అని అడిగింది, గొంతు తగ్గించి.

"ఒక్కటీ లేదు బావా."

నక్క ఆమెని ఎగాదిగా చూసింది. నాలుగు చోట్లనీ ఒక్కొక్కటే చూసింది. మాలచ్చి కొమ్ము విసిరి "విన్నాను, చూశాను కూడా" అంది. నక్క కాలువలో దిగి అవతలి ఒడ్డు ఎక్కింది. ఎక్కాక కూడా వెనక్కి తిరిగి, తనని ఓడించింది బాతులా, దుంగా అన్నట్టు నిలబడిపోయింది.

కుదరనిదేదో ముందు తెలుసుకున్నవాళ్లకే కుదిరే దారి కనబడుతుంది.

మూడు బాతులు మాత్రం తిరిగి రాలేదు. అందుకని ఆ రోజే నూకాలు గుంపుకి ఒక కట్టడి పెట్టింది. కొత్త పొలానికి ఎప్పుడు చేరినా, ఏ చోట ఎన్ని గట్లు కలుస్తాయో తాను కూర్చుని లెక్కపెట్టేదాకా వరస కదలకూడదని. గవరయ్య సణిగాడు, పిల్లబాతులు ఆకలని గోల చేశాయి. ఆ తరువాత ఆమె బతికిన నాలుగు పంటల కాలంలో, ఆమె లెక్క కాకముందు వరస ఒక్కనాడూ కదలలేదు.