పేరు ముద్దల వరాలు

అనగనగా ఒక ఊళ్ళో, ఏటి రేవుకి కూతవేటు దూరంలో, ఒక పెంకుటిల్లు ఉండేది. ఆ ఇంట్లో వరాలు అని ఒక్కగానొక్క పిల్ల. ఆ పిల్ల చుట్టూ తాతయ్య, నాయనమ్మ, అమ్మ, నాన్న, పెళ్ళి కావలసిన మేనత్త పైడమ్మ. ఇంతమంది పెద్దవాళ్ళు, ఒక్క పిల్ల. గొడవంతా అక్కడే వచ్చింది. ఊఁ కొట్టు మరి, నేను గోడకి చెప్పడం లేదు.

వరాలు పాలు మరిచే వయసులో పుల్లలా ఉండేది. ముద్ద నోటి దగ్గర పెడితే మూతి తిప్పేసేది. "ఇదేం పిల్లమ్మా, గాలొస్తే ఎగిరిపోయేలా ఉంది" అని వచ్చినవాళ్ళూ పోయినవాళ్ళూ అనేవాళ్ళు. వాళ్ళమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. అప్పుడు నాయనమ్మ ఒక ఉపాయం చెప్పింది. "ముద్ద ముద్దకీ ఒకళ్ళ పేరు పెట్టవే. మన మీద ప్రేమతోనైనా తింటుంది" అంది.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఉత్త ముద్దన్నది లేదు. అమ్మ పప్పన్నంలో నెయ్యి వేసి కలిపి "ఇది తాతయ్య ముద్ద, ఆఁ" అనేది. వరాలు తాతయ్య వంక చూసి నోరు తెరిచేది. ఆ తర్వాత నాయనమ్మ ముద్ద. ఆ తర్వాత నాన్న ముద్ద, అమ్మ ముద్ద, అత్త ముద్ద. మనుషులు అయిపోయినా పళ్ళెంలో అన్నం అయిపోయేది కాదు. అప్పుడు దూడ ముద్ద, పిల్లి ముద్ద, కాకి ముద్ద. పిల్ల కోలుకుంది, బుగ్గలొచ్చాయి. ఇక్కడిదాకా బాగానే ఉంది.

ఒకరోజు సాయంత్రం వరాలుకి కడుపు నిండుగా ఉంది. అత్త పెట్టిన జంతికలు అప్పటికే లోపలికి వెళ్ళిపోయాయి. తాతయ్య ముద్ద రాగానే "వద్దు" అని తల తిప్పేసింది. తాతయ్య ఆ రోజంతా పొలంలో వానకి తడిసి వచ్చాడు. మర్నాడు ఆయనకి జ్వరం తగిలింది.

నాయనమ్మ మిరియాల కషాయం కాస్తూ, నవ్వుతూ, "చూశావా, నువ్వు తాతయ్య ముద్ద వదిలేశావు, తాతయ్య మంచమెక్కాడు" అంది. ఆవిడకి అది వేళాకోళం. కషాయం దించేలోపు మరిచిపోయింది కూడా. కానీ పిల్లకి వేళాకోళమని ఎలా తెలుస్తుంది? నాకైతే ఆ నాయనమ్మని తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. నోటికొచ్చింది అనేసి కషాయం కాచుకుంటే సరిపోతుందా?

ఆ మాట వరాలు కడుపులో కూర్చుంది. తను ముద్ద వదిలితే, ఆ ముద్ద ఎవరిదో వాళ్ళకి ఏదో అవుతుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంకా ఏమవుతుందో అని భయం. ఆ రోజునుంచి ఒక్క పేరు కూడా వదలకుండా తినేది. కడుపు నిండినా తినేది, నొప్పి పుట్టినా తినేది. "మా బంగారుతల్లి ఎంత బాగా తింటుందో" అని ఇంటిల్లిపాదీ మురిసిపోయేవాళ్ళు.

ఆ తర్వాత వరాలు బొద్దుగా అయింది. ఇంకా బొద్దుగా అయింది. అలా ఉంటే ఉండనీ, మనిషికో తీరు. కానీ తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే నాలుగు గళ్ళు గెంతేసరికి ఆయాసం వచ్చేది. గట్టు మీద కూర్చుని, తోటి పిల్లలు గెంతుతుంటే చూసేది. అప్పుడు ఊళ్ళోవాళ్ళు "అయ్యో, ఇంత లావేమిటి పిల్ల?" అన్నారు. సన్నగా ఉందని దెప్పినవాళ్ళే! వరాలుకి ఏమీ అర్థం కాలేదు. అప్పుడు తక్కువా, ఇప్పుడు ఎక్కువా? మరి సరిపోయింది ఎప్పుడు?

అమ్మ వైద్యుడు ఆచార్లుగారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన నాడి పట్టుకున్నాడు, కళ్ళు చూశాడు, పొట్ట నొక్కాడు, ఏం పెడుతున్నారో అడిగాడు. "మందేమీ అక్కర్లేదమ్మా. ఆ ముద్దలు కాస్త తగ్గించండి, పిల్లని ఆడుకోనివ్వండి. ఆయాసం అదే పోతుంది" అన్నాడు.

తగ్గించండి అంటే ఎవరి ముద్ద తగ్గించాలి? ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. "నా ఒక్కగానొక్క మనవరాలు, నా ముద్ద ముట్టుకున్నారంటే ఊరుకోను" అన్నాడు తాతయ్య. "పేర్లు పెట్టమన్నది నేను, నా ముద్దే తీసేస్తారా?" అంది నాయనమ్మ. చివరికి, నోరులేని జీవాలు కదా, అడిగేవాళ్ళు లేరని, దూడ ముద్ద, పిల్లి ముద్ద, కాకి ముద్ద తీసేశారు.

ఆ మధ్యాహ్నం వరాలు పశువుల పాకలోకి వెళ్ళి చూసింది. దూడ కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. దూడలు మధ్యాహ్నం పడుకోక ఏం చేస్తాయి? కానీ పిల్ల గుండె గుభేలుమంది. అప్పుడు మెల్లిగా వంటింట్లోకి వెళ్ళి, అన్నం గిన్నె మూత తీసి, "ఇది దూడ ముద్ద" అనుకుంటూ తనే పెట్టుకుంది. పిల్లిదీ పెట్టుకుంది, కాకిదీ పెట్టుకుంది. ఉత్త అన్నం, పప్పు లేదు, ఉప్పు లేదు. గొంతు దిగలేదు, అయినా మింగింది.

ఆయాసం తగ్గలేదు. ఆ తర్వాత అత్త ముద్ద తీసేశారు. "రేపోమాపో వేరే ఇంటికి పోయేదాన్ని, నా ముద్దే మీకు ఎక్కువైంది" అని పైడమ్మ తలుపు చాటున ముక్కు చీదింది. మర్నాడు కట్టెలకి వెళ్ళి కాలికి తుమ్మముల్లు గుచ్చుకుని కుంటుకుంటూ వచ్చింది. ఇంక చూసుకో! వరాలు ముఖం పాలిపోయింది. తుమ్మచెట్టు కింద ముల్లు గుచ్చుకోక మల్లెపువ్వు గుచ్చుకుంటుందా అని ఆ పిల్లకి చెప్పేవాళ్ళెవరు? అడిగితే కదా చెప్పడానికి. ఆ రోజునుంచి అత్త ముద్ద కూడా దొంగచాటుగా తినేది.

ఇంట్లోవాళ్ళకి తల తిరిగిపోయింది. ముద్దలు తగ్గుతున్నాయి, పిల్ల తగ్గడం లేదు, గిన్నెలో అన్నం మాత్రం తగ్గిపోతోంది. నాయనమ్మకి కోడలి మీద అనుమానం. కోడలికి ఆడపడుచు మీద అనుమానం. ఆడపడుచుకి తాతయ్య మీద అనుమానం. అందరూ కలిసి పిల్లి మీద పడ్డారు. తిలాపాపం తలా పిడికెడు అంటారే, ఆ ఇంట్లో ఆ పిడికెడూ పిల్లే మోసింది. పాపం అది మియ్యావ్ అనడం కూడా మానేసింది.

అప్పుడు ఒక సంతరోజు పొద్దున్నే వాళ్ళ నాన్న అన్నాడు. "ఇంక ఎవరితోనూ గొడవొద్దు. కన్నవాణ్ణి, ముందు నేను తగ్గాలి. ఇవాళ్టినుంచి నా ముద్ద తీసెయ్యండి." అలా అని తువ్వాలు భుజాన వేసుకుని, అవతలి ఒడ్డున సంతకి వెళ్ళడానికి రేవుకి బయలుదేరాడు. ఆ రోజు ఏరు కొంచెం పొంగి ఉంది. వెళ్ళేది పడవ మీద.

అమ్మ చద్దన్నంలో పెరుగు కలిపి పెడుతోంది. తాతయ్య ముద్ద అయింది. నాయనమ్మ ముద్ద అయింది. ఆ తర్వాత అమ్మ ముద్ద వచ్చింది. వరాలు నోరు తెరవలేదు. "నాన్న ముద్ద ఏదీ?" అంది. "లేదమ్మా, నాన్నే వద్దన్నారు" అంది అమ్మ. అంతే. పిల్ల పళ్ళెంలోంచి గుప్పెడు పెరుగన్నం తీసుకుని వీధిలోకి పరిగెత్తింది.

తినేసి వెళ్ళొచ్చు కదా అంటావా? భయపడ్డవాళ్ళకి అంత ఆలోచన ఎక్కడుంటుంది, బుజ్జమ్మా! నాన్నని ముందు ఆపాలి, ముద్ద ఆయన ఎదురుగా తినాలి, అదే ఉంది ఆ బుర్రలో. పరిగెత్తింది. ఆయాసం వచ్చింది. అయినా పరిగెత్తింది. రేవుకి చేరేసరికి నాన్న ఒక కాలు పడవలో పెట్టాడు. పిలుద్దామంటే గొంతు రాలేదు. ముద్ద నోట్లో పెట్టుకుందామంటే ఊపిరికే చోటు చాలడం లేదు, ముద్దకి ఎక్కడుంటుంది? అలాగే మెట్ల మీద కూలబడిపోయింది.

ఎవరో "అప్పన్నా, నీ కూతురు!" అని కేకేశారు. నాన్న పడవలోంచి దూకి వచ్చి పిల్లని ఒళ్ళోకి తీసుకున్నాడు. పడవ వెళ్ళిపోయింది. వీపు నిమురుతూ, "ఏమైందమ్మా, ఏమైంది తల్లీ?" అంటూ ఉన్నాడు. ఊపిరి తిరిగాక పిల్ల గుప్పిట విప్పి చూపించింది.

"ఇది నీ ముద్ద నాన్నా. నేను తినకపోతే నువ్వు ఏట్లో పడిపోతావు. తాతయ్యకి జ్వరం వచ్చింది కదా, అత్తకి ముల్లు గుచ్చుకుంది కదా" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

అప్పన్నకి మొదట ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక, "నా ముద్దయితే నేను తినాలి గానీ, నువ్వు తినడమేమిటమ్మా?" అని, ఆ నలిగిపోయిన పెరుగన్నం పిల్ల చేతిలోంచే తినేశాడు. వరాలు తెల్లబోయి చూసింది. అలా కూడా తినొచ్చని ఆ పిల్లకి ఎప్పుడూ తోచలేదు.

ఇంటికి తీసుకొచ్చి నాన్న అందరికీ చెప్పాడు. నాయనమ్మ నెత్తి బాదుకుంది. "నా నోరు పడిపోను! నవ్వులాటకి అన్నానే తల్లీ" అంది. "నేను తడిసి వచ్చానమ్మా, వాన వల్ల జ్వరం" అన్నాడు తాతయ్య. "ముల్లు నేనే చూసుకోలేదే" అంది పైడమ్మ. వరాలు అందరి వంకా చూసింది. నమ్మిందా? నమ్మలేదు. ఒక మాటతో పట్టుకున్న భయం ఇంకో మాటతో వదులుతుందా?

అప్పుడు నాన్న పళ్ళెం తెచ్చి వరాలు ముందు పెట్టాడు. "ఎవరి ముద్ద వాళ్ళకి నువ్వే పెట్టు" అన్నాడు. వరాలు చిన్న చేత్తో కలిపి తాతయ్యకి తాతయ్య ముద్ద పెట్టింది. ఆ తర్వాత నాయనమ్మకి పెట్టింది. ఆ తర్వాత అమ్మకి, అత్తకి పెట్టింది. పాకలోకి వెళ్ళి దూడ మూతి ముందు పెడితే అది చెయ్యంతా నాకేసింది. కాకిది గోడ మీద పెట్టింది. పిల్లి మాత్రం దగ్గరికి రాలేదు, అలిగింది; దాని ముద్ద గడప దగ్గర పెట్టింది. అందరి వాటా అందరికీ అందాక పిల్ల భుజాలు కిందికి దిగాయి.

అప్పుడు తాతయ్య అడిగాడు. "మరి వరాలు ముద్ద ఏదే?"

ఇన్నేళ్ళుగా ఇన్ని పేర్లు పెట్టారు. దూడకి ఉంది, కాకికి ఉంది. వరాలు ముద్ద అని ఎవరూ ఎప్పుడూ అనలేదు. అమ్మ కళ్ళనిండా నీళ్ళు. ఎంత కలపాలో తెలియక కొంచెం తీసింది, మళ్ళీ కొంచెం కలిపింది. "ఇది... ఇది వరాలు ముద్ద" అంది. వరాలు నోరు తెరిచి, నమిలి, మింగింది. ఎవరి వంకా చూడలేదు. అదేం రుచో తెలియనట్టు నొసలు ముడిచింది. "ఇంకోటి" అంది. అమ్మ పెట్టింది.

అమ్మ మరో ముద్ద కలిపి చెయ్యెత్తింది. వరాలు పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కాసేపు ఆలోచించింది. "చాలు" అంది. అనేసి, బెదిరిపోయి, అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసింది. ఎవరికీ ఏమీ కాలేదు.

అమ్మ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. అలవాటు కొద్దీ "ఇది..." అంది. ఎవరి పేరు చెప్పాలో తోచలేదు. ఆ ముద్ద తన నోట్లోనే పెట్టుకుంది.

కథేమో కంచికి,
కంచమేమో ఇంటికి,
ముద్దేమో నోటికి,
నిద్దరేమో కంటికి.