కనకయ్య పేరు చదివిన రోజు

"ఎన్నేళ్ళు గడిస్తే ఒక సంగతి చరిత్ర అవుతుంది మేడమ్?" అని దామోదర్ అడిగాడు.

అడిగినవాడు పరిశోధక విద్యార్థి. విన్నావిడ ఆచార్య ఇందుమతి, విశ్వవిద్యాలయంలో ఆధునిక చరిత్ర చెప్పే మనిషి. నిజాం రాజ్యం పోయి భారత సైన్యం వచ్చిన రోజుల్లో తెలంగాణ పల్లెల్లో సాగిన సాయుధ పోరాటం మీద దామోదర్ సిద్ధాంత గ్రంథం రాస్తున్నాడు. అది అప్పటికి నలభై ఏళ్ళ నాటి మాట. అయినా ఆ మధ్య ఒక సెమినార్లో ఎవరో లేచి, ఆనాటి వాళ్ళు ఇంకా బతికే ఉన్నారు, నువ్వు రాసేది చరిత్ర కాదయ్యా, పాత వార్త అని నలుగురిలో నవ్వారు. ఆ మాట అతనికి ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ఇందుమతి గారికి ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. మరో అలవాటు మాత్రం ఉంది. దానికి విద్యార్థులు చాటుగా విసుక్కునేవారు. ఏ అధ్యాయమైనా సరే, ఏ ఊరి గురించి రాశారో ఆ ఊళ్ళో, అక్కడి జనం ముందు ఒకసారి పైకి చదివితే గాని ఆవిడ సంతకం పెట్టరు.

"మూడో అధ్యాయం అయిపోయిందన్నావుగా. రేగులగడ్డ వెళ్ళి చదువుదాం, నేనూ వస్తాను. నీ ప్రశ్న ఆ తర్వాత అడుగు," అన్నారు.

దామోదర్ సంతోషించాడు. ఆ అధ్యాయం అతనికి గర్వకారణం. అంతవరకు ఎవరూ రాయని ఉదంతం ఒకటి అందులో ఉంది. రేగులగడ్డ పక్కన మిలిటరీ క్యాంపు పడ్డ రోజుల్లో కనకయ్య అనే నేతకారుడు సిపాయిలకు తువ్వాళ్ళు అమ్ముకునేవాడు. అంతలో అడవిలో ఉన్న పోరాట దళం మనుషులు ఇద్దరు పట్టుబడ్డారు. ఆచూకీ చెప్పింది కనకయ్యేనని అనుమానించి, దళం వాళ్ళు అతన్ని వాగు ఒడ్డుకు తీసుకుపోయి కాల్చేశారు. ఆచూకీ ఇచ్చింది వేరెవరో అని తర్వాత బయటపడింది. ఆ దళంలో పనిచేసి, ఇప్పుడు దూరపు పట్నంలో కాలం వెళ్ళబుచ్చుతున్న ఒక వృద్ధుడు ఇదంతా దామోదర్‌కు చెప్పాడు. రేగులగడ్డకు ఎన్నిసార్లు వెళ్ళినా అక్కడ మాత్రం ఎవరూ ఈ మాట ఎత్తలేదు. పాపం, వాళ్ళకు తెలియదు కాబోలు అనుకున్నాడు.

"ఈ కనకయ్య వాళ్ళెవరైనా ఉన్నారా?" అని ఇందుమతి గారు అధ్యాయం దిద్దేటప్పుడు అడిగారు. లేరనే విన్నానండి అన్నాడు దామోదర్. ఆ మాట కూడా ఆ పట్నం వృద్ధుడు చెప్పిందే. దామోదర్ మళ్ళీ ఎవరినీ వాకబు చేయలేదు.

రేగులగడ్డలో చదవడం నేతకారుల సంఘం షెడ్డులో ఏర్పాటైంది. మగ్గాలు ఆపి మగవాళ్ళు వచ్చారు. ఆడవాళ్ళు నూలు కండెలు పక్కన పెట్టి గోడవారన కూర్చున్నారు. ఊరికి పెద్ద అయిన మార్కండయ్య ముందువరుసలో కుర్చీ వేసుకున్నాడు. దామోదర్ చదువుతుంటే జనం శ్రద్ధగా విన్నారు. తమ దొర పేరు వచ్చినప్పుడు గొణుక్కున్నారు, తమ తాతల పేర్లు వచ్చినప్పుడు తలలూపారు. ఇందుమతి గారు ఒక మూల నిలబడి, కాగితం కేసి కాక జనం ముఖాల కేసి చూస్తున్నారు.

కనకయ్య సంగతి వచ్చింది. దామోదర్ చదివి ముందుకు పోబోతుండగా గోడవారన ఒక ముసలావిడ లేచి నిలబడింది.

"ఏమన్నవ్ బిడ్డా? ఆ పేరు మళ్ళొక్కసారి సదువు."

ఆవిడకు చెవుడేమో అనుకున్నాడు దామోదర్. ఈసారి గొంతు పెంచి, ఒక్కో మాటా విడదీసి చదివాడు. "గుండేటి కనకయ్య అనే నేతకారుణ్ణి దళం వాగు ఒడ్డుకు తీసుకుపోయి కాల్చి చంపింది."

"నేను ఆయన పెండ్లాన్ని," అంది ఆవిడ.

ఆమె నుదుట రూపాయంత కుంకుమ బొట్టు ఉంది. దామోదర్ అప్పుడు చూశాడు దాన్ని. ఎవరైనా లేస్తారని, ఏదైనా అంటారని జనం కేసి తిరిగాడు. ఒక్కరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. పెద్దవాళ్ళంతా తలలు దించుకున్నారు. తన కొత్త సంగతి ఈ షెడ్డులో ఎవరికీ కొత్త కాదని, ఆ ఒక్క మనిషికి తప్ప, అతనికి అర్థమైంది.

"ఆయన జేసిన తప్పేంది?" అడిగింది ఆవిడ. ఆమె పేరు భూదవ్వ.

"ఆచూకీ చెప్పిండని అనుమానపడ్డరవ్వా. కాదని తర్వాత తెలిసింది."

"ఎవలకు తెలిసింది?"

దామోదర్ కాగితం మీంచి తలెత్తాడు. జవాబు అతని చుట్టూ కూర్చుని ఉంది.

భూదవ్వ మెల్లగా నడిచి మార్కండయ్య కుర్చీ ముందుకు వచ్చింది. కోపం లేదు, ఏడుపు లేదు. లెక్క తేలని మనిషి అడిగినట్టు అడిగింది.

"షోలాపురం మిల్లుల పనికి పోయిండన్నది నువ్వే గద మార్కండయ్యా. నేను మూట గట్టుకొని ఆడికి బయలెల్లితే, పోకు, ఇంకో ఆమెను చేసుకున్నడు, కండ్లార చూసొచ్చిన అన్నది నువ్వే గద. పిల్లలు గూడ ఉన్నరంటివి. పిల్లల పేర్లు గూడ చెప్పినవ్."

మార్కండయ్య కుర్చీలోంచి లేచాడు. "మిలట్రీ ఉండె వదినా అప్పుడు," అన్నాడు. "నువ్వు ఏడ్చుకుంట క్యాంపుకు వోతే, దళపోళ్ళను దాసిండ్రని ఊరును మిగలనియ్యకపోతుండె. అటెన్క... అటెన్క ఎట్ల చెప్పాల్నో తెల్వలే."

"ఆయన్ను తిట్టని పొద్దు లేదు నాకు," అంది భూదవ్వ. అని ఆగింది. "ఆ పిల్లలను గూడ తిట్టిన."

లేని పిల్లలు. గోడవారన ఒక నడివయసు స్త్రీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దామోదర్ ఏదో చెప్పాలనుకున్నాడు. క్షమించమనాలో, తెలియక చదివాననాలో, ఏది అన్నా చిన్నమాటే అవుతుందనిపించింది. భూదవ్వ అతని వైపు తిరిగి, "వాగు కాడ ఏ తావుల?" అని మాత్రం అడిగింది. మోదుగు చెట్లున్న చోట అని చెప్పాడు. ఆమె ఇంటి దారి పట్టకుండా అటే నడిచింది. ఊళ్ళోవాళ్ళకు వెంట వెళ్ళే ధైర్యం చాలలేదు. ఇందుమతి గారు చెప్పులు తొడుక్కోవడం కూడా మరచి, కాస్త ఎడంగా ఆమె వెనకే వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆవిడ ముఖం పాలిపోయి ఉంది. అక్కడ ఏం జరిగిందో దామోదర్ అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఆ రాత్రి అతను అధ్యాయం మళ్ళీ తీశాడు. చదివినంతసేపూ తన గొంతు ఎంత నిబ్బరంగా ఉందో గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గుతో ముడుచుకుపోయాడు. చెవుడనుకుని గొంతు పెంచిన సంగతి మాత్రం ఎవరితోనూ చెప్పుకోలేకపోయాడు.

తర్వాత రేగులగడ్డ నుంచి కబురు తెలిసింది. భూదవ్వ ఆ రోజే బొట్టు తీసేసిందట. షెడ్డులో పేరు విన్న రోజు మొదలుపెట్టి లెక్క కట్టించి, కనకయ్యకు దినం చేసిందట. ఊరంతా తలవంచుకుని వెళ్ళింది. మార్కండయ్యా వెళ్ళాడు. ఆమె అందరికీ వడ్డించింది, అతని విస్తట్లో కూడా. వడ్డిస్తూ అతనితో ఒక్క మాటా అనలేదు. తిన్నంతసేపూ అతను కళ్ళు పైకెత్తలేదట.

దామోదర్ అధ్యాయం పట్టుకుని ఇందుమతి గారి గదికి వెళ్ళాడు. అడగాల్సిన ప్రశ్న అతనికి గుర్తే లేదు.

"కనకయ్య సంగతి తీసేస్తాను మేడమ్," అన్నాడు.

"తీసెయ్యకు. ఆ పని ఊరు ఇన్నేళ్ళూ చేసింది."

ఆవిడ కాగితాలు అందుకుని ఆ పుట దాకా తిప్పారు. కలం మూత తీశారు, సంతకం మాత్రం పెట్టలేదు. కాసేపు ఆ వాక్యం మీదే చూపు నిలిపి, కాగితాలు మళ్ళీ అతని ముందుకు జరిపారు.

"తేదీ రాయలేదు నువ్వు," అన్నారు. "అతను ఎప్పుడు చనిపోయాడని రాస్తావు?"