నూకాలు కొన్న వాటాలు

పూర్వం వెన్నెలరేవు పట్నంలో నూకాలు అనే పడుచు ఓడల తెరచాపలు కుట్టేది. ఒక ఏడు తుపాన్ల భయానికి పెద్ద వర్తకుల ఓడల్లో వాటాలు కారుచవకైపోయాయి. ఆ ఓడలెంత గట్టివో నూకాలుకు తెలుసు. చేపలమ్మే ఇరవైమంది ఆడవాళ్లు దాచుకున్న సొమ్మంతా పోగుచేసి, అయిదు పెద్ద ఓడల్లో కాస్త కాస్త వాటా కొంది.

తుపాన్లు తగ్గగానే వర్తకుల పెద్ద మల్లనశెట్టి రాజుగారి కొలువుకెక్కాడు.

"ప్రభూ, చేపల బుట్టలవాళ్లతో పొత్తంటే మాకు నామోషీ. వాటా పది వరహాలైనా చెయ్యదు. జాలిపడి పదిహేనిస్తాను, తిరిగి ఇప్పించండి."

రాజుగారు సరేననబోయారు. కబురు విని నూకాలుతో పరుగున వచ్చిన ఆడవాళ్లు లబోదిబోమన్నారు.

నూకాలు దండం పెట్టింది. "శెట్టిగారిది చల్లని మనసు ప్రభూ! ఆ పదిహేనుకే ఆయన వాటాలు మాకమ్మమనండి. చెవి కమ్మలమ్మైనా కొంటాం."

శెట్టి ఉలిక్కిపడ్డాడు. "వందిచ్చినా అమ్మను!"

కొలువంతా గొల్లున నవ్వింది. "అయితే అమ్మడం, మానడం వాళ్లిష్టం" అన్నారు రాజుగారు.

బయట ఆడవాళ్లు కళ్లనీళ్లతో నూకాలును చుట్టేసి దండాలు పెట్టారు. "నీ మేలు మరవలేమే తల్లీ!"

"నాకెందుకప్పా దండాలు? మన వాటా వందకు పైమాటేనని నిండు కొలువులో చాటిన శెట్టిగారికి పెట్టండి!"

సముద్రపు గాలికి కొంగులు ఎగురుతుంటే, ఇరవైమందీ కొలువు వైపు తిరిగి మనసారా చేతులు జోడించారు.