పొదిగే కోడికి మరణశిక్ష

ఒకానొక రాజ్యంలో కోళ్లకు మరణశిక్ష పడింది. నవ్వకండి, నిజంగానే పడింది. కొలువులో తీర్పు చదివారు, రాజముద్ర వేశారు, వీధివీధినా దండోరా కొట్టించారు.

సంగతేమిటంటే, ఆ రాజ్యాన్నేలే విక్రమపాలుడి ఒక్కగానొక్క కూతురు జ్వరమొచ్చి కన్నుమూసింది. ఏడేళ్ల పసిది. రాజు తిండి మానేశాడు, నవ్వు మానేశాడు. "నా బిడ్డ ఎందుకు పోయింది?" అని కనబడ్డవాళ్లనల్లా అడిగేవాడు. వైద్యులు జ్వరమన్నారు. ఆ మాట రాజు మనసుకు ఆనలేదు.

అప్పుడు ఆస్థాన జ్యోతిష్కుడు పద్మనాభయ్య జరీ శాలువా సర్దుకుని ముందుకొచ్చాడు. "ప్రభూ, ఆ రోజు పాప తిన్నది తెల్ల పెంకు గుడ్డు. తెలుపు అశుభం. ఎర్ర పెంకు గుడ్డు తిని ఉంటే నిక్షేపంలా బతికేది" అన్నాడు.

కడుపుకోతతో ఉన్నవాడికి నేరం మోపడానికి ఎవరో ఒకరు దొరికితే చాలు కదా! తెల్ల గుడ్డు పెట్టే కోడి రాజ్యంలో ఒక్కటి కూడా మిగలకూడదని రాజు ఆజ్ఞ వేశాడు. పాప జ్వరం మాట మళ్లీ ఎవరైనా ఎత్తితే కొరడా దెబ్బలేనన్నాడు.

ఇక చూడండి జనం అవస్థ. ఎర్ర గుడ్డు ధర కొండెక్కి కూర్చుంది. బాలింతలకు, జబ్బుపడి లేచినవాళ్లకు గుడ్డు కళ్లజూడటమే గగనమైపోయింది. కొందరు తెల్ల గుడ్లకు ఎర్రమన్ను పూసి సంతకు తెస్తే, భటులు తడిగుడ్డతో తుడిచి చూసి బుట్టలకు బుట్టలు నేలకేసి కొట్టారు. పొద్దున్నే పుంజులు కూస్తున్నాయి గానీ పెట్టల అలికిడి తగ్గిపోయింది. చాలా పెరళ్లలో ఖాళీ గంపలే.

ఆ కొలువులో నవ్వించే ఉద్యోగం ఓబన్నది. పాప ఉన్నన్నాళ్లూ అతని భుజమెక్కి కోటంతా తిరిగేది. ఆమె పోయాక అతని నోట ఒక్క చమత్కారం రాలేదు. రోజూ కొలువుకు వెళ్లడం, స్తంభానికి ఆనుకుని కూర్చోవడం, తిరిగి రావడం. అంతే.

ఒక సాయంత్రం పొరుగింటి లచ్చుమక్క ఏడుస్తూ వచ్చింది. మొగుడు పోయాక ఆమె బతుకంతా ఆ గంపెడు కోళ్ల మీదే.

"రేపు మా ఇంటికొస్తారంట ఓబన్నా. అన్నీ తెల్ల గుడ్లవేనయ్యా. అవి పోతే నేనేం తిని బతకాలి? పైగా ఒకటి పొదుగుతోంది. దాన్నెట్టా లేపను?"

"తెల్ల గుడ్లు పొదుగుతోందా?"

"కాదు, ఎర్రవి. పై వీధి నాగమ్మవి. వాళ్ల కోడి గుడ్లు పెడుతుందే గానీ కుదురుగా కూర్చోదు. అందుకని నా కోడి కింద పెట్టాం, పిల్లలు చెరిసగం. ఇదేం కొత్తా, అందరం చేసేదేగా!"

ఓబన్న లేచి నిలబడ్డాడు. "అక్కా, ఏడుపాపు. రేపు ఆ కోణ్ణి గంపతో సహా కొలువుకు తీసుకుపోదాం."

మర్నాడు కొలువు మధ్యలో గంప దించి, దానిమీద బట్ట తీశాడు ఓబన్న. లోపల కోడి ఈకలు ఉబ్బించుకుని గుర్రుగా చూసింది.

"ప్రభూ, కడుపుతో ఉన్న తల్లికి మరణశిక్ష అమలు చేయరాదని మీ తాతగారు శాసనం చేశారు. ఈ తల్లి శరణు కోరుతోంది."

పద్మనాభయ్య మండిపడ్డాడు. "నోర్ముయ్! అది మనుషుల శాసనం. కోడికెలా వర్తిస్తుంది?"

"మనుషుల శిక్ష వర్తించినప్పుడు మనుషుల శాసనం వర్తించదా అయ్యా? దీనికి కడుపు బయట ఉంది, అంతే తేడా."

"ఆ గుడ్లూ పగలగొట్టండి! అవీ అశుభమే!"

ఓబన్న కోడిని కాస్త పక్కకు జరిపాడు. గుడ్లన్నీ ఎర్రగా ఉన్నాయి. పద్మనాభయ్య వంగి గంపలోకి తేరిపార చూశాడు. లచ్చుమక్క చేతులు జోడించి నాగమ్మ గుడ్ల సంగతి చెప్పింది.

"అయితే సరి," అన్నాడు పద్మనాభయ్య తేరుకుని. "గుడ్లు శుభం, కోడి అశుభం. కోణ్ణి చంపి గుడ్లు ఉంచండి."

"తమ ఆజ్ఞ. మరి గుడ్లు చల్లబడితే లోపలి పిల్లలు చస్తాయి. శుభమైనవి చస్తే పాపం ప్రభువులకే గదా! అందుకని తమరే వేంచేయాలి. ఆ శాలువా కాస్త విప్పి గంపలో కూర్చోండి. ఎక్కువ రోజులు కాదు, పిల్లలయ్యేదాకానే. నూకలు నేను తెచ్చిపెడతాను."

గంపను అతని కాళ్ల దగ్గరికి నెట్టాడు. పద్మనాభయ్య వెనక్కి జరిగేలోపే కోడి మెడ చాచి అతని బొటనవేలు ఠక్కున పొడిచింది. "అమ్మో!" అని ఆయన ఒంటికాలిమీద గెంతాడు.

రాజు అటు చూశాడు. ఆ బొజ్జ, ఆ శాలువా, ఆ గంప! ఫక్కుమన్నాడు. ఆపుకోలేక సింహాసనం చేతులు పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. ఆ కళ్లనీళ్లు నవ్వు ఆగాక కూడా ఆగలేదు. కొలువంతా బిక్కచచ్చిపోయింది.

"ఓబన్నా," అన్నాడు రాజు కళ్లు తుడుచుకుని. "నా చిట్టితల్లి దేనివల్ల పోయింది?"

ఓబన్నకు కొరడా గుర్తుకొచ్చింది. అయినా చెప్పాడు. "జ్వరం వల్ల ప్రభూ."

"గుడ్డు వల్ల కాదా?"

"కాదు ప్రభూ."

"ఇంకెవరి వల్లా కాదా?"

"ఎవరి వల్లా కాదు."

రాజు ముఖం చేతుల్లో దాచుకున్నాడు. తర్వాత ఆజ్ఞ రద్దు చేశాడు. పద్మనాభయ్యను ఇంటికి పొమ్మన్నాడు. తన మెడలోని పచ్చల హారం తీసి ఓబన్న మెడలో వేశాడు. కోటలోని కోళ్లన్నీ, కోళ్లు పోగొట్టుకున్న ఇళ్లకు పంచమన్నాడు. పోయినవాటికి అవి ఏమూలకూ చాలవని ఆయనకూ తెలుసు.

లచ్చుమక్క గంప ఎత్తబోతే రాజు వారించాడు. "ఇప్పటికే ఒకసారి మోసుకొచ్చావు. మళ్లీ కదిలిస్తే బెదిరి లేచిపోదూ?"

"లేస్తుందేమో సామీ."

"అయితే ఇక్కడే ఉండనీ" అని రాజు సింహాసనం దిగి, గంప పక్కన నేలమీద కూర్చున్నాడు.