మిద్దె మీది రేకుల గది

అర్జీ సిద్ధమైంది. సంతకాలన్నీ వచ్చాయి. మర్నాడు పొద్దున మున్సిపల్ ఆఫీసులో విచారణ. అయినా ఓబులేసుకు మనసు కుదురుగా లేదు. సాయంత్రం ఫైలు చంకలో పెట్టుకుని గురువు దగ్గరికి నడిచాడు.

గురువు పేరు మౌలాలి స్వామి. ఊరి చివర చిన్న దర్గా పక్కన ఒంటిగదిలో ఉంటాడు. నులక మంచాలు అల్లి బతుకుతాడు. హిందువులూ వస్తారు, ముస్లిములూ వస్తారు. ఆయన పెద్దగా ఏమీ చెప్పడు. సర్వే ఆఫీసులో పనిచేసి రిటైరైన ఓబులేసు పద్దెనిమిదేళ్లుగా ప్రతి గురువారం అక్కడికి వస్తూనే ఉన్నాడు.

"స్వామీ, రేపు మా కాలనీ తరఫున నేనే మాట్లాడాల. మీరు ఒక మాట అంటే ధైర్యంగా పోతా."

స్వామి మంచం పట్టెకు నులక బిగిస్తున్నాడు. కూర్చోమని తలతో సైగ చేశాడు.

ఓబులేసు సంగతి చెప్పాడు. వాళ్ళ కాలనీలో ఇంతకాలం ఇంటి మీద ఒక అంతస్తుకే అనుమతి. ఇప్పుడు ఇరుకు సందుల్లో కూడా నాలుగు అంతస్తులు కట్టుకోవచ్చని కొత్త నిబంధన తెస్తున్నారు. ఊర్లో బాడుగ ఇళ్లు చాలడం లేదట. జనం అభిప్రాయం చెప్పడానికి నెల గడువిచ్చారు. ఆ నెలలో ఓబులేసు గడప గడపా తిరిగాడు.

"మూడు రోజులకొకసారి నీళ్లొస్తాయి స్వామీ. మురుగు కాలువలు ఇప్పుడే పొంగుతాండాయి. ఇంకా జనాన్ని తెచ్చి ఎక్కడ పెడతారు?"

అది ఒట్టి మాట కాదు. రెండేళ్ల కింద పక్క పేటలో నాలుగంతస్తుల ఇల్లు అంటుకుంది. ఫైరింజను సందు మొదట్లోనే ఆగిపోయింది. పై అంతస్తులో ఒక తల్లీ బిడ్డా మిగిలిపోయారు. ఆ రోజు బకెట్లు మోసినవాళ్లలో ఓబులేసు ఒకడు. కిటికీ ఊచల మధ్య నుంచి ఆ తల్లి చెయ్యి చాపడం అతను చూశాడు. ఆ తర్వాత ఆ చెయ్యి కనబడలేదు.

"ఎవరెవరు ఒప్పుకున్నారు?" అని అడిగాడు స్వామి.

"రెండు వందల పద్నాలుగు ఇండ్లు. ఒక్కరు కూడా కాదనలేదు."

"మిద్దెల మీద రేకుల గదుల్లో ఉండేవాళ్లో?"

ఓబులేసు ఆ ప్రశ్న వస్తుందనుకోలేదు. "వాళ్లు ఈ పొద్దుంటారు, రేపు పోతారు స్వామీ. ఇల్లుగలవాళ్లు కాదు గదా."

"పోతారా?"

"పోతారు."

స్వామి మళ్లీ నులక అందుకున్నాడు. ఇంకో మాట వస్తుందేమోనని ఓబులేసు చాలాసేపు చూశాడు. రాలేదు. కాదనలేదు కాబట్టి అవుననే అనుకుని, పాదాలకు మొక్కి ఇంటికి వచ్చాడు.

ఓబులేసు మిద్దె మీద కూడా ఒక రేకుల గది ఉంది. అందులో సుంకులమ్మ అనే ముసలావిడ పన్నెండేళ్లుగా ఉంటోంది. మొగుడు చనిపోయాక ఒంటరిగా ఈ ఊరు వచ్చింది. పిల్లలు లేరు. పొద్దున్నే మార్కెట్ యార్డుకు పోయి మిరపకాయలకు తొడిమలు తీసేది. ఆ ఘాటుకు ఆమె వేళ్ల చివర్లు ఎప్పుడూ పొట్టు లేచి ఎర్రగా ఉండేవి. సాయంత్రం వచ్చి, మెట్ల దగ్గరున్న తొట్టి నీళ్లలో చేతులు పెట్టుకుని, మంట తగ్గిందాకా కూర్చునేది. ఓబులేసు భార్య ఈశ్వరమ్మ ఆమెకు కాస్త మజ్జిగ ఇచ్చేది, వేళ్లు ముంచుకోవడానికి.

విచారణ రోజు ఆఫీసు హాలు నిండిపోయింది. ఓబులేసు బాగా మాట్లాడాడు. సందుల వెడల్పులు అడుగుల్లో చెప్పాడు. ఫైరింజను వెడల్పు చెప్పాడు. మంట సంగతి చెప్పేటప్పుడు, ఆ తల్లి చెయ్యి ఎట్లా చాపిందో తన చెయ్యి చాపి చూపించాడు.  కమిషనరు కూడా కళ్లద్దాలు తీశాడు.

అప్పుడు వెనక గోడ దగ్గర ఎవరో లేచారు. చూస్తే సుంకులమ్మ. యార్డుకు పోయే దారిలో వచ్చినట్టుంది, చేతిలో సద్దిగిన్నె ఉంది.

"సార్, నేనొక మాట చెప్పాల."

"ఏ ఇల్లమ్మా మీది?" అన్నాడు గుమస్తా.

"సర్వేయర్ సారు మిద్దె మీద ఉంటాను."

"ఇంటి పన్ను రసీదు ఉందా?"

"నాకేడిది సార్?"

"అయితే కూర్చో. ఇది ఇండ్లవాళ్ల విచారణ."

ఆమె ఓబులేసు వైపు చూసింది. ఓబులేసు ఫైల్లో కాగితాలు సర్దుకున్నాడు. కాసేపటికి తలెత్తి చూస్తే గోడ దగ్గర ఎవరూ లేరు. ఆమె చెప్పాలనుకున్నదేమిటో అతను తర్వాతెప్పుడూ అడగలేదు.

కాలనీ గెలిచింది. నాలుగు అంతస్తుల మాట రద్దయింది. అర్జీ చివర ఓబులేసు ముందే ఇంకో వాక్యం కూడా రాసి ఉంచాడు. అనుమతి లేకుండా మిద్దెల మీద వేసిన రేకుల గదులను తొలగించవలెనని మనవి. దానికి కూడా ఉత్తర్వు వచ్చింది. నెల లోపల తీసెయ్యాలి.

ఒకరికి చెప్పేముందు తాను చేయాలని, ఓబులేసు ముందు తన మిద్దె మీది రేకులే విప్పించాడు. అందరూ మెచ్చుకున్నారు. సుంకులమ్మ ట్రంకుపెట్టెను తానే భుజాన వేసుకుని కిందికి దించాడు.

"యాడికి పోవాల సార్?" అంది ఆమె. నిష్ఠూరంగా కాదు, దారి తెలియక అడిగినట్టు అడిగింది.

"ఇంత పెద్ద ఊర్లో ఒక గది దొరకదా సుంకులమ్మా? రెండు దినాలు తిరిగి చూడు."

ఈశ్వరమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు మొగుడితో మాట్లాడలేదు. మర్నాడు కూడా అన్నం పెట్టి పక్కకు పోయింది.

గదులు దొరకలేదు. ఒకేసారి నలభై కుటుంబాలు వెతుకుతుంటే ఎక్కడ దొరుకుతాయి? కొందరు సొంత ఊళ్లకు పోయారు. మిగిలినవాళ్లు జిన్నింగు మిల్లు వెనక, ఎండిపోయిన వాగు వంకలో టార్పాలిన్ పట్టలు కట్టుకున్నారు. కాలనీలో కొళాయిల దగ్గర రద్దీ తగ్గింది. సందులు ఊడ్చినట్టు కనబడ్డాయి. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటే గాలి కూడా బాగా వస్తోందని జనం అన్నారు.

ఒకసారి ఓబులేసు మార్కెట్ దారిలో పోతూ వంక వైపు చూశాడు. నీలం పట్టలు, పొయ్యిల పొగ. సుంకులమ్మ కనబడుతుందేమోనని ఒక క్షణం నిలబడ్డాడు. దిగి వెతకలేదు.

కార్తీకంలో తుపాను పట్టింది. మూడు రోజులు ఆగకుండా కురిసింది. నాలుగో రోజు తెల్లవారుతుండగా పైన చెరువు కట్ట తెగి వంక ఒక్కసారిగా వచ్చింది. గంటలో అంతా అయిపోయింది. పిల్లల్ని ఎత్తుకోగలిగినవాళ్లు ఎత్తుకుని గట్టెక్కారు. నలుగురు మిగిలిపోయారు.

ఈశ్వరమ్మే వచ్చి చెప్పింది. "వంకలో పోయినోళ్లను స్కూల్లో పెట్టినారంట. పోయి చూడు." అన్ని రోజుల తర్వాత ఆమె ఆడిన మొదటి మాట అది.

ఓబులేసు స్కూలు దాకా పోయాడు గానీ గేటు దగ్గరే ఆగిపోయాడు. లోపల వరండాలో స్వామి కనబడ్డాడు. లుంగీ మోకాళ్ల దాకా ఎగ్గట్టి ఉంది, బురద కాళ్లు. తెల్లవారినప్పటి నుంచీ శిష్యులతో కలిసి ఆయనే శవాల్ని మోస్తున్నాడు. ఒక మూల నులక మంచాలు నాలుగు వేశారు. మూడు మంచాల చుట్టూ మనుషులు కూలబడి ఏడుస్తున్నారు. నాలుగో మంచం దగ్గర ఎవరూ లేరు.

ఓబులేసు గురువు ముందుకు వెళ్లి నిలబడ్డాడు. పాదాలకు మొక్కడం కూడా మరిచిపోయాడు.

"స్వామీ, నేను అడిగింది తప్పా? ఆ మంటను నేను కండ్లారా చూసినా. మళ్లీ అట్ల జరగగూడదనే గదా అడిగినా. చట్టంలో లేనిది ఒక్క అక్షరం రాయలేదు. నా ఇంటి మీదిదే ముందు తీసినా. నన్ను తిట్టాలంటే తిట్టండి. తప్పయితే తప్పని చెప్పండి."

స్వామి అతని ముఖం చూశాడు. కోపం లేదు. జాలి కూడా ఉన్నట్టు లేదు. తడిచేత్తో అతని మణికట్టు పట్టుకుని నాలుగో మంచం దగ్గరికి తీసుకుపోయాడు.

తల దాకా దుప్పటి కప్పి ఉంది. ఒక చెయ్యి మాత్రం బయట ఉంది. నీళ్లలో నాని తెల్లబడిపోయింది. వేళ్ల చివర్లు పొట్టు లేచి ఉన్నాయి.

ఓబులేసు మంచం కోడు పట్టుకున్నాడు.

పక్కన బెంచీ మీద కానిస్టేబులు కూర్చుని కాగితాలు నింపుతున్నాడు. నిద్ర లేక కళ్లు వాచిపోయాయి. "ఈమెకెవరూ రాలేదు స్వామీ. వంకలోవాళ్లను అడిగితే మిద్దె మీది అవ్వ అంటారు, అంతే. ఎవరో సారు మిద్దె మీద ఉండేదంట. పేరు చెప్పేవాళ్లు లేరు. అడ్రసు దగ్గర వంక అని రాద్దామంటే ఆడ ఇండ్లే లేవని పైనుంచి తిప్పి పంపుతారు. గుర్తు తెలియని ఆడమనిషి అని రాసేస్తా. మున్సిపాలిటీవాళ్లు బండి తెచ్చి తీసకపోతారు."

స్వామి అతని చేతిలోని పెన్ను నెమ్మదిగా తీసుకున్నాడు. తెచ్చి ఓబులేసు చేతిలో పెట్టాడు. కాగితం కింద అట్ట కూడా పెట్టి ఇచ్చాడు.

ఓబులేసు బెంచీ చివర కూర్చున్నాడు. ఎన్నో వందల కాగితాలు రాసిన చెయ్యి అది. పేరు దగ్గర సుంకులమ్మ అని రాశాడు. వయసు తెలియదు. అరవై అయిదు అని రాసి, సుమారు అని పక్కన చేర్చాడు. తండ్రి లేక భర్త పేరు దగ్గర ఆగాడు. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. ఖాళీ వదిలాడు.

నివాసం అన్నచోట తన ఇంటి నంబరు రాశాడు. వీధి పేరు, కాలనీ పేరు రాశాడు.

కానిస్టేబులు మెడ చాచి చూశాడు. "ఈ ఇల్లు ఎవరిది సార్?"

"నాదే."

"మీ ఇంట్లో ఉండే మనిషి వంకలో ఎందుకుండాది?"

ఓబులేసు తాను రాసిన ఇంటి నంబరునే మళ్లీ దిద్దాడు.  కానిస్టేబులు కాగితంలో ఆఖరి గడి మీద వేలు పెట్టి చూపించాడు. "ఇదొక్కటి మిగిలింది సార్. చనిపోయిన మనిషి మీకేమవుతాది?"

పెన్ను ఆ గడి దాకా వెళ్లి ఆగిపోయింది. అవతల మంచాలు ఒక్కొక్కటే లేచాయి. ఏడుపులు గేటు దాటి రోడ్డు మీదికి పోయి, దూరమై, వినబడకుండా పోయాయి. వరండాలో నాలుగో మంచం ఒక్కటే మిగిలింది. శిష్యులు నలుగురూ దాని నాలుగు కోళ్ల దగ్గర వంగి, గురువు మాట కోసం చూస్తున్నారు.

ఓబులేసు తలెత్తి స్వామి వైపు చూశాడు. కళ్ల నిండా నీళ్లున్నాయి. "ఏం రాయమంటారు స్వామీ?"

స్వామి శిష్యులకు ఆగమని సైగ చేశాడు. వచ్చి బెంచీ మీద ఓబులేసు పక్కన కూర్చున్నాడు.

"తొందరేం లేదు నాయనా," అన్నాడు. "నువ్వు రాసిందాకా ఆమెను ఎత్తము."